కస్తూరివారి ఫంక్షన్లు

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒకచోట, డిస్కు మీద మెటాడేటా రాసే కోడ్‌లో ‘సింక్ మెటా’ అని ఒక ఫంక్షన్ ఉండేది. ఆ పేరు చదివితే ఎవరికైనా ఏమనిపిస్తుంది? మెటాడేటా డిస్కుకు చేరేదాకా ఆగుతుందని, చేరాకే తిరిగొస్తుందని. అది చేసే పని వేరు. రాయాల్సిన బ్లాకును తీసుకెళ్లి వరసలో నిలబెట్టి, చేతులు దులుపుకుని వచ్చేసేది. కొత్తగా చేరిన కుర్రాడొకడు పేరును నమ్మాడు. ఆ ఫంక్షన్‌ను పిలిచి, కింది లైన్లోనే, ఆ మార్పును ముందుగా రాసి ఉంచిన జర్నల్‌ను చెరిపేశాడు. మామూలు రోజుల్లో అంతా సాఫీగా నడిచింది. కరెంటు లాగేసి చూసే పరీక్షలో మాత్రం, మెషిన్ తిరిగి లేచేసరికి ఒక డైరెక్టరీ ఖాళీగా కనబడింది. కారణం పట్టుకోవడానికి మూడు రోజులు పట్టింది. సరిదిద్దడానికి ఒక్క లైను సరిపోయింది.

ఆ ఒక్క లైనుతో పాటు ఫంక్షన్ పేరు కూడా మార్చేద్దామని అడిగాను. ‘క్యూ మెటా రైట్’ అంటే చాలు, చదివినవాడికి సంగతి తెలిసిపోతుంది. మా సీనియర్ నవ్వాడు. “పనిచేస్తున్న కోడ్‌ని ఎందుకు తమ్ముడూ గెలకడం? కుర్రాడికి ఇప్పుడు తెలిసింది కదా” అన్నాడు. నిజమే, కుర్రాడికి తెలిసింది. ఆరు నెలల తరవాత వచ్చిన అమ్మాయికి తెలియదు. ఆమె కూడా అదే గోతిలో పడింది.

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లోనూ ఈ ‘గెలకొద్దు’ సిద్ధాంతానిదే రాజ్యం. ఫంక్షన్ పేరు మార్చే ప్యాచ్ వస్తే చాలు, పెద్దలు పెదవి విరుస్తారు. పనిచేసేదాని జోలికి ఎందుకంటారు. చరిత్ర చెడుతుందంటారు. పాత వెర్షన్లకు ప్యాచులు ఎక్కించడం కష్టమవుతుందంటారు. ఫంక్షన్ ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే కోడ్ చదువుకోవాలి గానీ పేరుతో ఏం పని అంటారు. ఇలాంటి ప్యాచులకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘చర్న్’, అంటే ఊరికే చిలకడం. చిలికితే వెన్న కూడా వస్తుందన్న సంగతి మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ అభ్యంతరాల్లో ఒక్కోదానిలో ఎంతో కొంత నిజం ఉంది, కాదనను. వాటన్నిటినీ కూడి తేల్చిన తీర్పు మాత్రం తప్పు. స్టోరేజ్ కోడ్‌లో ఫంక్షన్ పేరంటే హామీ పత్రం. అబద్ధపు హామీని దిద్దడం బగ్‌ను దిద్దడమే.

స్టోరేజ్ అనే ఎందుకు పట్టుబడుతున్నానంటే, అక్కడ తప్పు వెంటనే కనబడదు. తెర మీద బొమ్మ వంకరగా వస్తే చూసినవాడు అరుస్తాడు. డేటా చేరాల్సిన చోటికి చేరకపోతే, కరెంటు పోయేదాకా ఎవరికీ తెలియదు. ఒక ప్రోగ్రాం రాసిన అక్షరం డిస్కుకు చేరే దారిలో ఎన్ని మజిలీలో చూడండి. ముందు ఆ ప్రోగ్రాం సొంత బఫర్. అక్కణ్నుంచి కెర్నెల్ పేజ్ క్యాష్. అక్కణ్నుంచి డిస్కు లోపలి క్యాష్. చివరికి అయస్కాంతపు పళ్లెమో ఫ్లాష్ చిప్పో. మొదటి మూడు చోట్ల ఉన్నంతసేపూ ఆ అక్షరం ప్రాణం దీపంలాంటిదే, గాలి వీస్తే పోతుంది.

ఊళ్లో రైతు “ధాన్యం తోలేశాం” అంటే అర్థమేమిటి? కల్లం నుంచి ట్రాక్టర్ కదిలిందా? కొనుగోలు కేంద్రంలో కాటా అయిందా? గోదాములో దిగిందా, లేక కేంద్రం ముందు వరసలో వానకు తడుస్తోందా? తోలడం, కాటా, దిగుమతి దేనికది వేరే మాట, ఎందుకంటే మధ్యలో వాన పడితే నష్టం ఎవరిదన్నది ఆ మాట మీదే తేలుతుంది. అక్షరమ్ముక్క రాని రైతు కూడా పాటించే ఈ జాగ్రత్తను స్టోరేజ్ కోడ్ రాసేవాళ్లు పాటించలేదు. అన్నిటికీ కలిపి ‘ఫ్లష్’ అని ఒకే మాట వాడేశారు.

సీ లైబ్రరీలో ‘ఎఫ్‌ఫ్లష్’ పిలిస్తే డేటా ప్రోగ్రాం బఫర్ దాటి కెర్నెల్ చేతికి వెళ్తుంది, అంతవరకే. రాక్స్‌డీబీ అనే డేటాబేస్‌లో ‘ఫ్లష్’ అంటే మెమరీలోని పట్టికను ఫైలుగా మార్చడం. లినక్స్ కెర్నెల్‌లో ‘ఫైల్‌మ్యాప్ ఫ్లష్’ అంటే రాయడం మొదలుపెట్టమని చెప్పి, పూర్తయ్యేదాకా ఆగకుండా వచ్చేయడం. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌కు పంపే ‘ఫ్లష్’ ఆదేశం మాత్రం, నీ క్యాష్‌లో ఉన్నదంతా కరెంటు పోయినా చెదరని చోటికి చేర్చమంటుంది. ఒకే మాట, నాలుగు మజిలీలు. ఫ్లష్ అంటే మనకు మొదట గుర్తొచ్చేది బాత్రూమే. అక్కడైనా మీట నొక్కితే పోయిందో లేదో కంటికి కనబడుతుంది. ఇక్కడ ఆ భాగ్యమూ లేదు.

అసలు కథ లినక్స్ కెర్నెల్ బ్లాక్ లేయర్‌లో ఉంది. ‘గెలకొద్దు’ వాదానికి సరైన జవాబూ అక్కడే దొరికింది. ఫైల్ సిస్టమ్ డిస్కుకు ఏదైనా రాయాలంటే ‘బయో’ అనే ఒక చిన్న నిర్మాణాన్ని తయారుచేసి కిందికి పంపుతుంది. బయో అంటే జీవశాస్త్రం కాదు, బ్లాక్ ఐ/ఓ. పంపడానికి చాలాకాలం రెండు ఫంక్షన్లుండేవి. ఒకటి ‘సబ్మిట్ బయో’, రెండోది ‘జెనెరిక్ మేక్ రిక్వెస్ట్’. ఈ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి, ఏది ఎప్పుడు పిలవాలో చెప్పమని ఎవరినైనా అడగండి. ఒకటి బయోను పంపుతుందని, రెండోది రిక్వెస్ట్‌ను తయారుచేస్తుందని చెబుతారు. పేర్లు చెప్పేది అదే మరి.

వాస్తవం వేరు. బ్లాక్ లేయర్‌లో ‘రిక్వెస్ట్’ అనేది ఇంకో నిర్మాణం. పక్కపక్కనున్న కొన్ని బయోలు కలిసి ఒక రిక్వెస్ట్ కావచ్చు. ‘జెనెరిక్ మేక్ రిక్వెస్ట్’ తన చేతికొచ్చిన బయోను పరీక్షించి, దాని గమ్యమైన పరికరానికి అప్పగించేది. ఆ పరికరం రెయిడ్ నడిపే ఎండీనో డివైస్ మ్యాపరో అయితే, అక్కడ సాధారణంగా రిక్వెస్ట్ అనేదే పుట్టదు. బయోను ఇంకో కింది డిస్కు వైపు మళ్లించి మళ్లీ పంపడమే ఉంటుంది. అంటే పేరులో రిక్వెస్ట్ ఉంది, పనిలో లేదు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు.

ఆ రెండు ఫంక్షన్లకూ ఉన్న అసలు తేడా పేర్లలో ఎక్కడా లేదు. ‘సబ్మిట్ బయో’ ముందు లెక్క రాస్తుంది: ఏ ప్రాసెస్ ఎంత చదివింది, సిస్టమ్ మొత్తం మీద ఎంత లోపలికొచ్చింది, ఎంత బయటికెళ్లింది. లెక్క రాశాక రెండోదాన్ని పిలుస్తుంది. కాబట్టి ఫైల్ సిస్టమ్ ‘సబ్మిట్ బయో’ను పిలవాలి. మధ్యలో నిలబడి బయోను కింది డిస్కుకు మళ్లించే డ్రైవర్ రెండోదాన్ని పిలవాలి. డ్రైవర్ పొరపాటున మొదటిదాన్ని పిలిస్తే అదే బయోకు లెక్క రెండోసారి పడుతుంది. ఒకే బస్తా కేంద్రంలో ఒకసారి, గోదాములో ఒకసారి కాటా ఎక్కి, రెండు బస్తాలుగా పద్దులో పడ్డట్టు.

‘జెనెరిక్ మేక్ రిక్వెస్ట్’ అనే పేరు 2001లో వచ్చిన 2.4 కెర్నెల్‌లోనూ ఉంది. దాదాపు ఇరవై ఏళ్లపాటు ఎంతమంది డ్రైవర్లు రాసినవాళ్లు దీని ముందు తలగోక్కుని ఉంటారో! చివరికి 2020లో కెర్నెల్ డెవలపర్ క్రిస్టఫ్ హెల్‌విగ్ దీని పేరును ‘సబ్మిట్ బయో నోఅకౌంట్’ అని మార్చారు. మొదట్నుంచీ అయోమయపెట్టే తప్పుడు పేరది అని ఆ మార్పుకు రాసిన సందేశంలోనే మొహమాటం లేకుండా చెప్పారు. కొత్త పేరు చూడగానే రెండు సంగతులు తెలుస్తాయి. ఇది ‘సబ్మిట్ బయో’కు తోబుట్టువు, కాకపోతే లెక్క రాయదు. అదే సందర్భంలో, డ్రైవర్లు తమ వంతుగా ఇచ్చే ‘మేక్ రిక్వెస్ట్’ ఫంక్షన్ కూడా పోయి, దాని చోట ‘సబ్మిట్ బయో’ అనే పద్ధతి వచ్చింది. 5.9 కెర్నెల్‌తో ఇవన్నీ జనంలోకి వెళ్లాయి. ఆకాశమేమీ విరిగి మీద పడలేదు.

కొత్త పేరు అందంగా ఉందా? లేదు. ‘నోఅకౌంట్’ కోసం వాడిన కురచ మాట నాకూ నచ్చలేదు. అయినా అది అబద్ధమాడదు. నా వాదనకు అంతే చాలు.

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది: పనిచేస్తోంది కదా, ఎందుకు ముట్టుకోవడం? పనిచేయడమంటే ఎవరికి? కంపైలర్‌కు పేరుతో పనిలేదు, రాముడన్నా రావణుడన్నా దానికి ఒకటే. పేరు ఉన్నది మనిషి కోసం. మనిషిని తప్పుదారి పట్టించే పేరు మనిషి విషయంలో పనిచేయడం లేదనే లెక్క. దీనికి పోస్ట్‌గ్రెస్ కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. ఆ డేటాబేస్‌లో ‘పీజీ ఎక్స్‌లాగ్’ అని ఒక డైరెక్టరీ ఉండేది. డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పూ అసలు ఫైళ్లలోకి వెళ్లేముందు అక్కడ నమోదవుతుంది. అదే దాని ప్రాణం. పేరులో మాత్రం ‘లాగ్’ అని ఉంది. అర్ధరాత్రి డిస్కు నిండిపోతుంది, సర్వర్ ఆగిపోతుంది, నిద్రకళ్లతో లేచినవాడు చోటు కోసం వెతుకుతాడు. లాగ్ అన్న మాట కనబడుతుంది. పాత లాగులే కదా అనుకుని తుడిచేస్తాడు. దాంతో డేటాబేస్ పోతుంది, తిరిగి రాదు.

కోడ్‌లో ఒక్క తప్పు లేదు. ప్రతి లైనూ పనిచేస్తోంది. చంపింది పేరు. 2017లో వచ్చిన పదో వెర్షన్‌లో పోస్ట్‌గ్రెస్ వాళ్లు దాన్ని ‘పీజీ వాల్’గా మార్చారు. లావాదేవీల స్థితి దాచే ‘పీజీ క్లాగ్’ను ‘పీజీ ఎక్సాక్ట్’ అన్నారు. జనం ఈ డైరెక్టరీలను అనవసరపు లాగులనుకుని చెరిపేసి డేటా పోగొట్టుకుంటున్నారన్నదే కారణమని, ఆ వెర్షన్‌తో పాటు ఇచ్చిన వివరణలోనే రాసుకున్నారు. డైరెక్టరీతో ఆగలేదు. ‘పీజీ స్విచ్ ఎక్స్‌లాగ్’ అనే ఫంక్షన్ ‘పీజీ స్విచ్ వాల్’ అయింది. ‘పీజీ ఎక్స్‌లాగ్‌డంప్’ అనే పనిముట్టు ‘పీజీ వాల్‌డంప్’ అయింది. పేరు మార్పు పైపై మెరుగు అనేవాళ్లు, డేటా పోగొట్టుకున్న ఆ నిద్రకళ్ల మనిషి ముందు నిలబడి ఆ మాట అనగలరా?

రెండో అభ్యంతరం: పేరు మార్చడమెందుకు, పైన ఒక కామెంట్ రాస్తే పోదా? పోదు. కామెంట్ ఉండేది ఫంక్షన్ పుట్టిన ఫైల్లో. చదివేవాడు ఉండేది దాన్ని పిలిచిన ఫైల్లో. కామెంట్ ఇల్లు కదలదు, పేరు మాత్రం పిలిచిన ప్రతి ఊరికీ వెళ్తుంది. ఇందాక చెప్పిన ‘ఫైల్‌మ్యాప్ ఫ్లష్’ సంగతే చూడండి. డేటా క్షేమం కోసం దీన్ని నమ్ముకోవద్దని కెర్నెల్ కోడ్‌లో దాని నెత్తి మీదే రాసి ఉంది. ఎంత మంచి హెచ్చరిక! మందుసీసా మీద ‘తేనె’ అని పెద్దక్షరాలతో రాసి, మూత లోపలివైపు ‘తాగకూడదు’ అని రాసినట్టుంది. హెచ్చరిక రాయాల్సి వచ్చిందంటేనే, పేరు చదివినవాడు పొరబడతాడని రాసినవాడికి తెలుసన్నమాట. తెలిసి దిద్దకపోవడానికి సాకు ఏముంది?

మూడోది: అనుభవం ఉన్నవాళ్లకు ఇవన్నీ తెలుసు. ఈ మాటలో వినయంలా కనబడే అహంకారం ఉంది. తెలిసినవాళ్ల కోసమే కోడ్ అయితే దాన్ని పదిమంది ముందు పెట్టడమెందుకు? ఓపెన్ సోర్స్ నడిచేదే రేపు రాబోయేవాడి మీద. పైగా ఆ రాబోయేవాడు ఎవరో కూడా ఆలోచించాలి. ఖమ్మంలోనో శ్రీకాకుళంలోనో తెలుగు మీడియంలో చదివి, హైదరాబాద్‌లో స్టోరేజ్ కోడ్ ముందు కూర్చున్న కుర్రాడికి ‘సింక్’, ‘ఫ్లష్’, ‘కమిట్’ అన్నవి ముందుగా నిఘంటువులో మాటలు. వాటి వెనక దశాబ్దాల యూనిక్స్ గుసగుసలు అతనికి వినబడవు. పేరు చెప్పిందే అతనికి నిజం. ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడేవాడు కూడా ‘జెనెరిక్ మేక్ రిక్వెస్ట్’ ముందు బోల్తాపడ్డప్పుడు, భాష పరాయిదైనవాడి మీద ఈ పేర్లు మోపే బరువు ఎంతో ఊహించుకోండి. లినక్స్ కెర్నెల్ కోడింగ్ శైలి పత్రం కూడా ఇదే చెబుతుంది. అందరూ పిలిచే ఫంక్షన్‌కు పని తెలిపే పేరుండాలట. ‘కౌంట్ యాక్టివ్ యూజర్స్’ అనాలి గానీ ‘సీఎన్‌టీయూఎస్‌ఆర్’ అనకూడదని ఉదాహరణ కూడా ఇచ్చింది. పెద్దలు తాము రాసిన ధర్మశాస్త్రాన్ని ఒకసారి తీసి చదువుకుంటే బాగుంటుంది.

నాలుగోది చరిత్ర గొడవ. ఏ లైను ఎవరు, ఎందుకు రాశారో చెప్పే గిట్ బ్లేమ్‌లో, పేరు మార్చినవాడి పేరే అన్నిచోట్లా కనబడి అసలు రాసినవాడు మరుగున పడతాడంటారు. ఒకప్పుడు ఇది నిజమైన బాధే. 2019లో వచ్చిన గిట్ 2.23 ఈ బాధ తీర్చింది. ఫలానా మార్పును లెక్కలోకి తీసుకోవద్దని బ్లేమ్‌కు చెప్పవచ్చు. అలాంటి మార్పుల జాబితాను ఒక ఫైల్లో పెట్టి ప్రాజెక్టులోనే ఉంచవచ్చు. రోగానికి మందొచ్చి ఇన్నేళ్లయినా ఇంకా మూలుగుతున్నారంటే, మూలుగే అలవాటైందనుకోవాలి.

అయిదోదాన్ని మాత్రం తేలిగ్గా తోసేయను, ఎందుకంటే అది బలమైనది. పేరు మారిస్తే పాత స్థిర వెర్షన్లకు దిద్దుబాట్లు ఎక్కించేవాళ్లకు ప్యాచ్ అతకదు, చేత్తో సరిచేసుకోవాలి. ప్రాజెక్టుకు బయట బతికే కోడ్ విరుగుతుంది. పోస్ట్‌గ్రెస్ పదో వెర్షన్ వచ్చినప్పుడు, పాత ఫంక్షన్ పేర్లు రాసుకున్న పర్యవేక్షణ స్క్రిప్టులను జనం తిరిగి రాసుకోవాల్సి వచ్చింది. కెర్నెల్ బయట ఉండే ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్, ఏ కెర్నెల్‌లో ఏ ఫంక్షన్ ఏ రూపంలో ఉందో బిల్డ్ చేసేముందే పరీక్షించుకోవాల్సిందే. ఈ శ్రమ నిజం, దీన్ని మోసేవాళ్లు నిజం.

కానీ ఈ శ్రమ ఎలాంటిదో చూడండి. పేరు మారితే పాత కోడ్ కంపైల్ కాదు. పాత స్క్రిప్టు ‘ఆ ఫంక్షన్ లేదు’ అని అరిచి ఆగిపోతుంది. గొడవ పగటిపూట, మనిషి కుర్చీలో ఉండగా, మన కళ్లముందే జరుగుతుంది. పేరు మార్చకుండా వదిలేస్తే వచ్చే గొడవ అర్ధరాత్రి, కరెంటు పోయినప్పుడు, వేరెవరి డేటా మీదో జరుగుతుంది. అరిచే తప్పు, నోరుమూసుకున్న తప్పు, ఈ రెంటిలో ఏది కావాలో స్టోరేజ్ వాళ్లు ఎంచుకోలేకపోతే ఇంకెవరు ఎంచుకుంటారు? ఫంక్షన్ చేసే పనే మారిపోయినప్పుడు పేరు అట్టిపెట్టడం ఇంకా ప్రమాదం. పాత ప్యాచ్ చక్కగా అతుకుతుంది, చక్కగా కంపైల్ అవుతుంది, తప్పుడు పని చేస్తుంది. అందుకే పని మారితే పేరు మార్చి తీరాలి, పాత పేరు వాడినవాడి దగ్గర కంపైలర్ కేక వేయాలి.

కెర్నెల్ వాళ్లకు ఈ విషయం తెలియక కాదు. 4.8 కెర్నెల్ కోసం ‘రెక్ ఫ్లష్’ అనే గుర్తును ‘రెక్ ప్రీఫ్లష్’గా మార్చారు. ఫ్లష్ అనే పేరుతోనే సొంతంగా ఒక ఆపరేషన్ కూడా వస్తోంది కాబట్టి రెండూ కలగాపులగం కాకూడదని. కొత్త పేరులో ఉన్న ఆ చిన్న ‘ప్రీ’ ఎంత పని చేస్తుందో చూడండి. ఈ బ్లాకు రాయకముందే డిస్కు క్యాష్‌ను ఖాళీ చేయమని అర్థం. ఈ బ్లాకు సైతం క్షేమంగా చేరాలంటే ఇంకో గుర్తు పెట్టాలి. ఒక్క అక్షరం వరసను చెప్పేసింది. వరసే కదా స్టోరేజ్‌లో సర్వస్వం. తరవాత 2022 జనవరిలో వచ్చిన 5.16 కెర్నెల్‌తో మెమరీ ముక్కను సూచించే ‘పేజీ’ చోట ‘ఫోలియో’ ప్రవేశించింది. అంతకుముందు ‘పేజీ’ అని చేతికొచ్చింది ఒంటరి పేజీనా, పెద్ద ముద్దకు తలా, తోకా అన్నది ప్రతిచోటా అనుమానమే. ఫోలియో అన్నది ఎప్పుడూ తోక కాదు. ఆ పేరు మీద జరగాల్సినంత రభసా జరిగింది. అయినా కొత్త పేరు వల్ల ప్రతి ఫంక్షన్‌ను ‘నువ్వు అడుగుతున్నది దేన్ని?’ అని నిలదీసే అవకాశం వచ్చింది.

కెర్నెల్ లోపలి ఇంటర్‌ఫేసులు మారతాయి, వాటికి స్థిరత్వం హామీ ఇవ్వం అని ఆ ప్రాజెక్టు డాక్యుమెంటేషన్‌లోనే బాహాటంగా రాసుకుంది. లోపల మార్చుకునే స్వేచ్ఛ ఉన్నప్పుడే మార్చుకోవాలి, ఎందుకంటే పేరు ఒకసారి గడప దాటి వాడుకరి ప్రోగ్రాముల చేతికి వెళ్తే ఇక వెనక్కి రాదు. ‘ఎఫ్‌సింక్’ అలా గడప దాటిన పేరు, రాసిన ఫైలును డిస్కుకు చేర్చమని ప్రోగ్రాములు పిలిచేది. మ్యాక్‌లో అది డేటాను డ్రైవ్‌దాకా పంపుతుంది గానీ డ్రైవ్ క్యాష్‌ను ఖాళీ చేయించదు. నిజంగా క్షేమం కావాలంటే ‘ఎఫ్ ఫుల్‌ఎఫ్‌సింక్’ అనే వేరే ఆదేశం ఇవ్వాలి. అంటే సింక్ అయ్యాక పూర్తి సింక్! కాఫీ అడిగితే కాఫీ లాంటిది ఇచ్చి, అసలు కాఫీ కావాలంటే వేరే అడగాలన్నట్టు. లినక్స్‌లో ‘ఎఫ్‌సింక్’ ఒకసారి విఫలమైందని చెప్పి, రెండోసారి పిలిస్తే విజయమని చెప్పేయగలదన్న సంగతి 2018లో పోస్ట్‌గ్రెస్ వాళ్లకు తలమీద పిడుగులా పడింది. మళ్లీ పిలిచి విజయమొస్తే డేటా చేరినట్టేనని వాళ్లు అప్పటిదాకా నమ్మారు. మరుసటి ఏడాది నుంచి, ఒకసారి విఫలమైతే సర్వర్‌నే కూల్చి, నమోదు పుస్తకం నుంచి తిరిగి లేపే పద్ధతికి మారారు. ఆ పేరును ఇప్పుడెవరూ మార్చలేరు. మార్చగలిగిన పేర్లనైనా గడప దాటకముందే దిద్దాలన్నదే దీని పాఠం.

ఇక ‘ఊళ్ల పేర్లు మార్చినట్టు ఫంక్షన్ల పేర్లు మారుస్తూ పోతే ఎలా’ అనే ఎద్దేవా. పోలికే తప్పు. ఊరి పేరు ఎవరికీ హామీ ఇవ్వదు. మద్రాసు 1996లో చెన్నై అయితే సముద్రం ఎటూ జరగలేదు, మద్రాసు అని అడిగినవాడు దారీ తప్పలేదు. ఫంక్షన్ పేరును నమ్మినవాడు దారి తప్పుతాడు. ఈ ఎద్దేవాలో ఉన్న ఒక్క గింజను మాత్రం ఏరి తీసుకుంటాను. వికారమైన పేరు వేరు, అబద్ధపు పేరు వేరు. యూనిక్స్‌లో ఫైలు సృష్టించే ‘క్రియేట్’ కాల్‌కు చివర ‘ఇ’ అక్షరం లేదు. యూనిక్స్‌ను మళ్లీ రాస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ ‘ఇ’ చేరుస్తానని దాని సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ అన్నారంటారు. అది వికారం, అబద్ధం కాదు. దాన్ని నమ్మి ఎవడి డేటా పోలేదు. అలాంటివాటిని వదిలేయండి. తన ప్యాచుల లెక్క పెంచుకోవడానికి అక్షరాలు అటూ ఇటూ జరిపేవాణ్ని పెద్దలు గదమాయిస్తే నేనూ వాళ్లతో గొంతు కలుపుతాను. ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఈ పేరును ఉన్నదున్నట్టు నమ్మినవాడు తప్పు కోడ్ రాస్తాడా? రాస్తాడంటే మార్చాలి, రాయడంటే వదలాలి.

మార్చడానికీ ఒక పద్ధతుంది. పేరు మార్చే ప్యాచ్‌లో పేరు తప్ప ఇంకేదీ మారకూడదు. తర్కం మార్పు పక్కనే ఉన్నా వేరే ప్యాచ్‌లో రావాలి. వేల చోట్ల మార్చాల్సి వస్తే చేత్తో కాదు, యంత్రంతో చేయాలి. ఫ్రాన్స్ పరిశోధకుల చేతుల్లో పెరిగిన కొక్కినెల్ అనే పనిముట్టు, కెర్నెల్ మొత్తం గాలించి ఇలాంటి మార్పులు చేయడానికే ఉంది. బయటివాళ్లు వాడే పేరైతే పాతదాన్ని కొన్నాళ్లు మారుపేరుగా ఉంచాలి. ఒక్క పని మాత్రం ఎన్నటికీ చేయకూడదు: పాత పేరును ఖాళీ అయింది కదా అని తెచ్చి కొత్త పనికి పెట్టడం. చివరగా కొత్త పేరును ఆ కోడ్ ఎప్పుడూ చూడని ఒకరికి చూపించి, ఇది ఏం చేస్తుందనుకుంటున్నావని అడగాలి. ఇది డేటా చేరేదాకా ఆగుతుందా, ఆగదా? ఈ ఒక్క ప్రశ్నకు వాళ్లు సరైన జవాబు చెబితే పేరు పాసైనట్టు.

మా ‘సింక్ మెటా’ ఏమైందో చెప్పి ముగిస్తాను. ఆ అమ్మాయి కూడా గోతిలో పడ్డాక పెద్దలు ఆలోచనలో పడ్డారు. కొత్తగా చేరేవాళ్లకు ఇచ్చే పత్రంలో, మొదటి పేజీలోనే, బొద్దు అక్షరాలతో ఒక వాక్యం చేర్చారు: “గమనిక: సింక్ మెటా సింక్ చేయదు.” నేను అక్కణ్నుంచి వచ్చేసేనాటికి ఆ వాక్యం అక్కడే ఉంది, ఆ ఫంక్షన్ పేరూ అక్కడే ఉంది. కోడ్‌ను గెలకకుండా కాపాడుకున్నామని వాళ్లు ఇప్పటికీ తృప్తిగానే ఉండి ఉంటారు. చేరిన ప్రతి కుర్రాడూ మొదటిరోజు ఆ వాక్యం చదివి, మరైతే ఆ పేరెందుకు పెట్టారని అడిగేవాడు. దానికి మాత్రం పత్రంలో జవాబు లేదు.